చెన్నై – సింగపూర్ విమానం: దూరమెంత, కావలి నుంచి లెక్కేస్తే పట్టే సమయమెంత

కావలి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. సింగపూర్‌లో ఉన్న చెల్లెలికి కాన్పు దగ్గరపడింది. తోడుగా ఉండటానికి వాళ్లమ్మగారు ఒక్కరే వెళ్తున్నారు, విమానం ఎక్కడం ఇదే మొదలు. టికెట్ మీద చెన్నైలో రాత్రి 11:15కి బయలుదేరి ఉదయం 6:00కి సింగపూర్ చేరుతుందని ఉంది. అంటే ఆరుముప్పావు గంటలు. తిరుగు టికెట్‌లో మాత్రం అక్కడ రాత్రి 8:30కి ఎక్కితే చెన్నైలో 10:15కి దిగుతారని ఉంది. అంటే గంటా ముప్పావే. ఒక వెబ్‌సైటు దూరం 2,900 కిలోమీటర్లు, సమయం మూడున్నర గంటలు అంటోంది, ఇంకోటి నాలుగుంపావు గంటలు అంటోంది. వీటిలో ఏది నిజం? అమ్మకు షుగర్ ఉంది, ఇన్సులిన్ ఏ టైమ్ ప్రకారం వేసుకోవాలి? సముద్రం మీద అంతసేపంటే ఆమెకు టెన్షన్‌గా ఉంది, ఏం చెప్పాలి?

నేను విమానయాన సంస్థల్లో ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం నింపాలి, దారిలో గాలి ఎటు వీస్తోంది అని లెక్క కట్టి పైలట్‌కు ఇవ్వడమే డిస్పాచర్ పని. కాబట్టి ఈ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే చెబుతాను.

ముందు సూటిగా చెప్తానమ్మా. విమానం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పట్టేది నాలుగుంపావు గంటలే. మీ టికెట్ రెండు వైపులా సరిగ్గానే ఉంది. టికెట్ మీద బయలుదేరే టైమ్ ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు, చేరే టైమ్ చేరే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. చెన్నైలో రాత్రి 11:15కి నాలుగుంపావు గంటలు కలిపితే మన టైమ్ తెల్లవారుజాము 3:30. దానికి రెండున్నర కలపండి, అక్కడ 6:00. తిరుగు ప్రయాణంలో అక్కడి 8:30 అంటే మనకు సాయంత్రం 6:00. దానికి నాలుగుంపావు కలిపితే రాత్రి 10:15. అంతే.

మన జిల్లాల వాళ్లకు దుబాయ్, కువైట్ ప్రయాణాలు బాగా అలవాటు. అందుకే సింగపూర్ టికెట్ చూడగానే ‘ఇదేంటి, ఇంత దూరమా’ అనిపిస్తుంది. నిజానికి చెన్నై నుంచి దుబాయ్‌కీ సింగపూర్‌కీ దూరం దాదాపు ఒకటే. రెండూ సుమారు 2,900 కిలోమీటర్ల పైచిలుకే. ఒకటి వాయవ్యంగా, ఇంకోటి ఆగ్నేయంగా. విమానంలో కూర్చునే సమయం కూడా ఇంచుమించు సమానమే. కానీ దుబాయ్ మనకంటే గంటన్నర వెనకుంటుంది కాబట్టి ఆ టికెట్‌లో మూడు గంటల లోపే కనిపిస్తుంది, సింగపూర్ టికెట్‌లో ఏడు గంటలకు దగ్గరగా కనిపిస్తుంది. టికెట్ మీద రెండు టైములు తీసివేసి ప్రయాణ సమయం అనుకోవడం ఎప్పుడూ పనికిరాదు. బుకింగ్ కాగితంలో విడిగా ‘డ్యూరేషన్’ అని ఒక గడి ఉంటుంది, దాన్నే చూడండి.

ఇక్కడే మీ అమ్మగారికి ముందుగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఉదయం ఆరింటికి సింగపూర్‌లో దిగేసరికి బయట చీకటిగానే ఉంటుంది. అక్కడ ఏడాది పొడవునా సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలోనే. చెన్నైకీ సింగపూర్‌కీ మధ్య రేఖాంశంలో తేడా 24 డిగ్రీల లోపు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడి లెక్కలో గంటన్నర పైచిలుకే తేడా రావాలి. కానీ 1982 జనవరి 1 నుంచి మలేసియా తన తూర్పు రాష్ట్రాలతో కలిసేలా గడియారాన్ని అరగంట ముందుకు జరుపుకుంది, సింగపూర్ కూడా అదే టైమ్ పెట్టుకుంది. అందుకే అక్కడ గడియారం సూర్యుడి కంటే బాగా ముందు నడుస్తుంది. ఆమె ఫోన్‌లో టైమ్ దానంతటదే మారిపోతుంది. చేతికి మామూలు వాచీ పెట్టుకుంటే మాత్రం దాన్ని మార్చనివ్వకండి. ఫోన్‌లో అక్కడి టైమ్, వాచీలో మన టైమ్ ఉంటే మందుల లెక్కలో పొరపాటు రాదు.

ఇక మూడున్నర, నాలుగుంపావు గొడవ. 2,900 కిలోమీటర్లు అన్నది భూమి గుండ్రంగా ఉందన్న లెక్కలో రెండు విమానాశ్రయాల మధ్య అతి దగ్గర దారి. చెన్నై నుంచి సింగపూర్‌కు ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320 రకం విమానాలు పైన గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతాయి. దూరాన్ని వేగంతో భాగిస్తే మూడున్నర వస్తుంది. మీరు చూసిన మొదటి వెబ్‌సైటు చేసిన పని ఇదే. విమానం మాత్రం చెన్నై మీనంబాక్కం విమానాశ్రయంలో గాల్లోకి లేచిన నిమిషం నుంచే ఆ వేగంతో పోదు. పైకి ఎక్కడానికి ఇరవై నిమిషాల పైన, దిగడానికి అరగంట దాకా పడుతుంది. ఆ సమయంలో వేగం తక్కువ. పైగా రన్‌వే ఏ దిక్కున వాడుతున్నారో దాన్ని బట్టి బయలుదేరేటప్పుడు, దిగేటప్పుడు చుట్టు తిరగాలి. ఆకాశంలో కూడా నిర్ణయించిన దారులుంటాయి, వాటి వెంబడే పోవాలి. ఇవన్నీ కలిసి గీత గీసిన దూరం కంటే నడిచే దూరం ఎప్పుడూ ఎక్కువే.

టికెట్ మీది సమయాన్ని మేం బ్లాక్ టైమ్ అంటాం. విమానం గేటు దగ్గర నుంచి కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగే దాకా ఉన్న సమయం అది. ఇక్కడ రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, వరసలో నిలబడటం, అక్కడ దిగాక గేటు దాకా పోవడం అన్నీ అందులోనే. సింగపూర్‌లోని చాంగీ పెద్ద విమానాశ్రయం, దిగాక పది పదిహేను నిమిషాలు నేల మీదే తిరిగినా అది మామూలే. గాల్లో ఉండేది నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూ. కాబట్టి మీరు నమ్మాల్సింది రెండో సైటును.

ఇప్పుడు సముద్రం భయం సంగతి. దీన్ని తేలిగ్గా తీసిపారేయకండి. ‘ఏం కాదులేమ్మా’ అంటే భయం పోదు, దారి తెలిస్తే చాలావరకు పోతుంది. మ్యాపు తెరిచి ఆమెకు చూపించండి. చెన్నై తీరం దాటాక విమానం ఆగ్నేయంగా బంగాళాఖాతం మీద పోతుంది. సగం దారి దాటేసరికి గ్రేట్ నికోబార్ పరిసరాలకు వస్తుంది. అంటే అంతవరకూ మన దేశం చాయలు వదలనట్టే. అక్కడి నుంచి కొద్దిసేపట్లో సుమత్రా దీవి ఉత్తరపు కొస, ఆ తర్వాత మలక్కా జలసంధి. ఇటు సుమత్రా, అటు మలేసియా తీరం ఉంటాయి. చివరి గంటా, గంటన్నర ఏదో ఒక తీరానికి దగ్గరగానే నడుస్తుంది. నిజంగా నడిసముద్రం అనదగ్గది మొదటి సగమే.

ఆ మొదటి సగంలో కూడా లెక్క లేకుండా పోరు. రెండు ఇంజన్ల విమానాన్ని సముద్రం మీదుగా పంపేటప్పుడు ఒక ఇంజన్ ఆగిపోతే ఎక్కడికి మళ్లాలి, ఎంతసేపట్లో చేరాలి అన్నది బయలుదేరకముందే తేల్చాలి. ఈ దారిలో వెనక చెన్నై, ముందు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం), ఆ తర్వాత సుమత్రాలో బందా ఆచే, మెడాన్, మలేసియాలో పెనాంగ్ ఉన్నాయి. ఇంధనం కూడా సింగపూర్ చేరడానికి సరిపడా మాత్రమే పోయరు. దారికి కావలసింది, దాని మీద కొంత అదనం, సింగపూర్‌లో దిగలేకపోతే ఇంకో విమానాశ్రయానికి పోవడానికి కావలసింది, అవన్నీ అయ్యాక కూడా మరో అరగంట గాల్లో తిరగడానికి సరిపడా ఇంధనం ఉండి తీరాలి. ఎదురుగా వచ్చే విమానాల గురించి కూడా ఆమె అడగవచ్చు. తూర్పు వైపు పోయేవి 33, 35, 37 వేల అడుగుల ఎత్తుల్లో, పడమర వైపు వచ్చేవి 34, 36, 38 వేల అడుగుల ఎత్తుల్లో ఎగురుతాయి. ఎత్తే వేరు కాబట్టి ఎదురెదురు పడే పరిస్థితి రాకుండా చూస్తారు.

కుదుపులు మాత్రం ఉంటాయి. నికోబార్ దాటి సుమత్రా వైపు పోతున్నప్పుడు ఉరుముల మేఘాలు తరచుగా ఉంటాయి, అది భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతం. ఆ సమయంలో సీటు బెల్టు లైటు వెలగడం, విమానం కాస్త పక్కకు తప్పుకుని పోవడం రోజూ జరిగేదే. బెల్టు వదులుగా అయినా సరే ప్రయాణమంతా పెట్టుకునే ఉండమనండి. నిద్రపోతే బెల్టు దుప్పటి పైకి కనబడేలా పెట్టుకుంటే సిబ్బంది లేపి అడగరు.

ఈ మేఘాల వల్లే ఒక్కోసారి టైమ్ పెరుగుతుంది. సుమత్రా మీదుగా వచ్చే గాలివాన వరసలు ఏప్రిల్ నుంచి నవంబర్ మధ్య కొన్ని రోజుల్లో తెల్లవారుజామున, పొద్దున పూట సింగపూర్‌ను తాకుతాయి. మీ అమ్మగారి విమానం చేరేది సరిగ్గా ఆ వేళకే. అప్పుడు దిగే విమానాలను కొంతసేపు పైనే గుండ్రంగా తిప్పుతారు. ఇరవై నిమిషాలో అరగంటో ఆలస్యమైతే మీ చెల్లెలు కంగారు పడనక్కర్లేదు.

గాలి గురించి ఒక మాట. పడమర నుంచి తూర్పుకు వచ్చేటప్పుడు విమానం త్వరగా వస్తుందని గల్ఫ్ ప్రయాణికులు అంటుంటారు. కువైట్ నుంచి చలికాలంలో వచ్చేటప్పుడు అది నిజమే. అక్కడ పైన పడమటి గాలి బలంగా ఉంటుంది, అరగంట దాకా కలిసొస్తుంది. కానీ అదే సూత్రం సింగపూర్ దారికి పనికిరాదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ భారతం మీద, బాగా ఎత్తులో, గాలి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. భారత వాతావరణ శాఖ అధిపతిగా పనిచేసిన పి. కోటేశ్వరం 1950లలో ఈ గాలి ప్రవాహం గురించి ప్రపంచానికి వివరించారు. ఆ నెలల్లో సింగపూర్ వెళ్లేటప్పుడే ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. తేడా పది, పదిహేను నిమిషాలే కావచ్చు, కానీ ఎక్కేది రాత్రి విమానమైనా పగలైనా ఇది మారదు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన కారణం ఇంకోటుంది, బయటివాళ్లకు ఇది తట్టదు. శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడు బంగాళాఖాతం మీద కొంత ఆకాశాన్ని కొన్ని గంటలపాటు మూసేస్తారు. ఈ సంగతి విమాన సంస్థలకు ముందే నోటీసుగా వస్తుంది. ఆ వేళకు పోయే విమానాలను చుట్టు తిప్పి పంపుతారు, లేదా కాసేపు ఆపుతారు. దీనివల్ల భయపడాల్సింది ఏమీ లేదు, కొద్ది నిమిషాల తేడా అంతే. దీనికంటే నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది రెండు సందర్భాల గురించి. ఒకటి భోగి తెల్లవారుజాము. చెన్నైలో భోగి మంటల పొగ, మంచు కలిసి రన్‌వే కనబడక విమానాలు గంటల తరబడి ఆగిన సంవత్సరాలున్నాయి. రెండోది నవంబర్, డిసెంబర్ తుపానులు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయం మూతపడింది, మన వైపు నుంచి చెన్నైకి పోయే రైళ్లు కూడా రద్దయ్యాయి. అలాంటి హెచ్చరిక ఉంటే ఒక రోజు ముందే చెన్నై చేరిపోవడం, లేదా టికెట్ తేదీ మార్చుకోవడమే మంచిది. రోడ్డు మీద ఇరుక్కుని విమానం తప్పిపోయే పని పెట్టుకోకూడదు.

అసలు సమయం తినేది ఆకాశం కాదమ్మా, నేల. కావలి నుంచి చెన్నై విమానాశ్రయం సుమారు 240 కిలోమీటర్లు. సూళ్లూరుపేట దాకా హైవే బాగానే సాగుతుంది. గుమ్మిడిపూండి దాటాక కంటైనర్ లారీలు, సాయంత్రం వేళ చెన్నై ట్రాఫిక్ కలిసి లెక్క తప్పిస్తాయి. విమానాశ్రయం నగరానికి అవతలి కొసన, మీనంబాక్కం వైపు ఉంది. రెడ్ హిల్స్ దగ్గర నుంచి బైపాస్ మీదుగా మదురవాయల్, తాంబరం వైపు తిరిగి వస్తే ఊళ్లోకి దిగకుండా చేరవచ్చు. దూరం కొంచెం ఎక్కువైనా నేనైతే అదే చెబుతాను. కారులో ఐదు గంటలు పెట్టుకోండి, దారిలో అమ్మగారు టీ తాగడానికో కాళ్లు చాపుకోవడానికో ఆగే సమయం అందులోనే.

రాత్రి 11:15 విమానానికి 8:15 కల్లా లోపలికి వెళ్లాలి. చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా కుదరదు. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి కావలిలో బండి కదలాలి, రెండున్నరకైతే ఇంకా మంచిది. రైలైతే పినాకిని లాంటి పగటి రైలుకు వచ్చి చెన్నై సెంట్రల్‌లో దిగి, అక్కడి నుంచి మెట్రోలో నేరుగా విమానాశ్రయానికి పోవచ్చు. సామాను ఎక్కువ లేకపోతే ఇదే హాయి, చెన్నై ట్రాఫిక్‌తో పనే లేదు. అర్ధరాత్రి మాత్రం మెట్రో ఉండదు, అది గుర్తుంచుకోండి.

ఇలా చూస్తే మూడింటికి కావలిలో బయలుదేరిన మనిషి, సింగపూర్‌లో ఇమిగ్రేషన్, సామాను అయి మీ చెల్లెలి ఇంటికి చేరేసరికి అక్కడ 8:00, మన టైమ్ 5:30. దాదాపు పద్నాలుగున్నర గంటలు. అందులో గాల్లో ఉండేది నాలుగు గంటలు. అరవై దాటిన మనిషి కాబట్టి ఈ పద్నాలుగున్నర గంటలనే లెక్కలోకి తీసుకోండి. చేరిన రోజు ఏ పనీ చెప్పకుండా పడుకోనివ్వమని చెల్లెలికి చెప్పండి.

తేదీ విషయంలో ఒక హెచ్చరిక. మీ విమానం 11:15కి కాబట్టి గొడవ లేదు. చెన్నై నుంచి చాలా విమానాలు అర్ధరాత్రి దాటాక ఉంటాయి. 15వ తేదీ 00:30 అని ఉంటే 14వ తేదీ మధ్యాహ్నమే ఇంట్లో బయలుదేరాలి. 15న రాత్రి వెళ్లి నిలబడి ఏడ్చిన కుటుంబాలను కౌంటర్ల దగ్గర చూశాను. ఈ జవాబు చదివే మిగతావాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

నాలుగైదు వేలు తగ్గుతాయని కొలంబో మీదుగానో కౌలాలంపూర్ మీదుగానో టికెట్ చూస్తుంటారు. చదువుకునే పిల్లలైతే సరే. మొదటిసారి ఒంటరిగా వెళ్లే అమ్మకు అది వద్దే వద్దు. మధ్యలో విమానం మారడం, గేటు వెతుక్కోవడం, మొదటి విమానం ఆలస్యమైతే రెండోది తప్పిపోవడం, ఇవన్నీ ఆమె నెత్తిన పడతాయి. నాలుగుంపావు గంటల ప్రయాణం తొమ్మిది, పది గంటలవుతుంది. మీరు నేరుగా పోయే విమానమే తీసుకున్నారు, మంచి పని చేశారు. ఒంగోలు, మార్కాపురం వైపు వాళ్లు హైదరాబాద్ కూడా చూసుకోవచ్చు. అక్కడి నుంచి దూరం సుమారు 3,300 కిలోమీటర్లు, గాల్లో అరగంట ఎక్కువ. గన్నవరం నుంచి సింగపూర్‌కు 2018 డిసెంబర్‌లో నేరుగా విమానం మొదలైంది, కొన్ని నెలలకే ఆగింది. ఇలాంటి సర్వీసులు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే రోజునే చూసుకోవాలి. దగదర్తి విమానాశ్రయం వస్తే కావలికి ఈ నేల ప్రయాణం చాలా తగ్గుతుంది, అది తొందరగా రావాలని నా కోరిక కూడా.

ఇన్సులిన్ సంగతి. డోసు గురించి నేను చెప్పకూడదు, మీ డాక్టర్‌గారే చెప్పాలి. ఆయన్ను అడిగేటప్పుడు మాత్రం ‘సింగపూర్ వెళ్తోంది’ అని ఊరుకోకుండా, ‘రోజు రెండున్నర గంటలు తగ్గుతుంది, రాత్రి భోజనం చెన్నైలో, పొద్దున టిఫిన్ మన టైమ్ ఐదున్నరకు’ అని చెప్పండి. అలా చెబితేనే ఆయన సరైన సలహా ఇవ్వగలరు. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. చెకిన్ సామానులో వేస్తే కింద చలికి పాడవొచ్చు, సామాను రావడం ఆలస్యమైతే మందే ఉండదు. డాక్టర్ చీటీ పక్కనే పెట్టండి. విమానంలో భోజనం పెడతారు కదా అని ముందే ఇన్సులిన్ వేసుకుని కూర్చోవడం ప్రమాదం. విమానం అరగంట ఆలస్యంగా కదలొచ్చు, చవక విమానాల్లో భోజనం డబ్బు కట్టి ముందే చెప్పుకుంటేనే ఇస్తారు. తినేది చేతిలో ఉన్నాకే సూది. రెండు చపాతీలు, బిస్కెట్లు సంచిలో పెట్టండి. ఆవకాయ, నెయ్యి మాత్రం చెకిన్ సామానులోకి, చేతి సంచిలో వాటిని తీసేస్తారు.

టికెట్‌లో వీల్‌చెయిర్ సహాయం అడిగి పెట్టండి. నడవగలిగినా సరే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు చాంగీలో అది చాలా ఉపయోగం, ఇమిగ్రేషన్ దాకా ఒక మనిషి తోడుంటారు. సింగపూర్ చేరడానికి మూడు రోజుల ముందు నుంచి అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది అసలైనది కాదు. కాగితం మీద చెల్లెలి ఇంటి చిరునామా, ఫోన్ నంబర్ రాసి అమ్మగారి పాస్‌పోర్ట్‌లో పెట్టండి.

తిరిగి వచ్చే రోజు విమానం 10:15కి దిగినా బయటికి వచ్చేసరికి పదకొండున్నర అవుతుంది. అప్పుడే కావలి బయలుదేరితే డ్రైవర్ తెల్లవారుజాము నాలుగు దాకా బండి నడపాలి. హైవే మీద నిద్రమత్తుకు అదే చెడ్డ సమయం. ఆ రాత్రి విమానాశ్రయం దగ్గర తిరుసూలం, పల్లావరం వైపు గది తీసుకుని పొద్దున బయలుదేరండి. అంత ఖర్చు వద్దనుకుంటే కనీసం మధ్యాహ్నం నిద్రపోయిన డ్రైవర్‌నే మాట్లాడుకోండి. మీ విమానం నంబర్, తేదీ ఇక్కడ రాస్తే ఆ రోజు గాలి, వాతావరణం చూసి ఎన్నింటికి దిగేదీ ముందు రోజే చెబుతాను.